రెండు సంచుల దుబాసీ

భాషల భవనం గుట్ట మీద ఉండేది. వ్యాపార భవనం గుట్ట కింద ఉండేది. మధ్యలో రెండు వందల పన్నెండు మెట్లు. ఈ లెక్క విశ్వవిద్యాలయం వారి ఏ పుస్తకంలోనూ దొరకదు. రోజుకు నాలుగుసార్లు ఎక్కి దిగిన ఒక అమ్మాయి మోకాళ్లలో మాత్రం భద్రంగా ఉంది. పైన స్పానిష్ తరగతి పదింటికి ముగిసేది. కింద వ్యాపార తరగతి సరిగ్గా పదింటికే మొదలయ్యేది. పై గుమాస్తా, కింది గుమాస్తా పద్నాలుగేళ్లుగా మాట్లాడుకోవడం లేదట. ఎందుకని అడిగితే కారణం ఇద్దరికీ గుర్తులేదు. అందుచేత ఎవరి కాలపట్టిక వారే వేసుకునేవారు, మధ్యలో పిల్లలు పరిగెత్తేవారు.

ఆధునిక భాషలూ వ్యాపారమూ కలిపి నాలుగేళ్లు చెప్పే చదువు అది. చేరినప్పుడు ఇరవై మంది. రెండో ఏడాది ముగిసేసరికి పదకొండు మంది మిగిలారు. పైవాళ్లు వీళ్లను ‘కొట్టువాళ్లు’ అనేవారు, కిందివాళ్లు ‘కవులు’ అనేవారు. అందులో ఒక అమ్మాయి ఆకుపచ్చ సంచి ఒక భుజానికి, గోధుమరంగు సంచి ఇంకో భుజానికి తగిలించుకుని కావడిలా ఊగుతూ మెట్లు దిగేది. ఆకుపచ్చదాంట్లో భాషలు, గోధుమరంగుదాంట్లో వ్యాపారం. రెండూ ఒకే సంచిలో వేసుకోవచ్చు కదా అంటే, ఒకసారి వేసుకుంది. ఆ రోజు గిరాకీ, సరఫరాల మీద రాసుకొచ్చినది చదవమని సారు అడిగితే, చేతికందిన కాగితం తీసి ‘నా ప్రాణమా, నీ ఉత్తరం అందక మూడు వారాలు’ అని మొదలుపెట్టింది. అది స్పానిష్‌లో ఉత్తరాలు రాయడం నేర్పే పాఠానికి చేసిన అనువాదం. గిరాకీకి ఇంతకంటే మంచి ఉదాహరణ తాను వినలేదన్నాడు సారు. అప్పటినుంచి రెండు సంచులు, అదే ఆమె పేరు కూడా అయింది. అమ్మా నాన్నా పెట్టిన పేరుకు మనమేం పూచీ పడం గాని, వీధి పెట్టిన పేరుకు పడతాం.

రెండు సంచుల ఇల్లు గొడుగుల కార్ఖానా మీద ఉండేది. కింద మేనమామ గొడుగులు చేసేవాడు. ఒక్కో గొడుగుకు ఎనిమిది ఊచలు, ఎనిమిది గుడ్డ ముక్కలు, ఒక కర్ర, ఒక వంకీ పిడి. ముక్కలు కుట్టడం అమ్మ పని. తయారైన ప్రతి గొడుగునూ ఒకసారి తెరిచి, ఎగాదిగా చూసి, మూయడం అమ్మమ్మ పని. పిడులు వంచడానికి ఒక మేస్త్రి ఉండేవాడు. కర్రను ఆవిరిపట్టి మోకాలి మీద వంచేవాడు. ఆ మోకాలే కార్ఖానాకు పెట్టుబడి అని మావయ్య అంటూ ఉండేవాడు. గొడుగు చిత్రమైన వస్తువు. ప్రపంచంలో చాలా సామాన్లు కొన్న రోజు నుంచీ పాతబడతాయి. గొడుగు మాత్రం పాతబడే అవకాశం రాకముందే ఎక్కడో మర్చిపోబడుతుంది. ఆ మతిమరుపు మీదే ఈ కుటుంబం మూడు తరాలు బతికింది.

ఆమె ఈ చదువులో చేరడానికి కారణం ఒక ఉత్తరం. సముద్రం దాటి ఎక్కడినుంచో వచ్చింది, ఎవరికీ చదవడం రాలేదు. తపాలా బిళ్ల బాగుందని పారెయ్యకుండా మేకుకు గుచ్చారు. మూడేళ్లు వేలాడింది. బిళ్ల మీది దేశం పేరును బట్టి భాష స్పానిష్ అని తేలింది, అది చదవాలన్న దురదతోనే పిల్ల స్పానిష్‌కి దరఖాస్తు పెట్టింది. వ్యాపారం కూడా కలిపి చదివితేనే చేరుస్తానన్నాడు మావయ్య. మొదటి ఏడాది అయ్యాక మేకు మీదినుంచి తీసి చదివింది.

“ఏమిటే అది?” అన్నాడు మావయ్య, ఊచలు గుచ్చుతూ.

“ఐదు వందల గొడుగులు కావాలట, మావయ్యా. వీలైనంత త్వరగా.”

మావయ్య పీట మీద కూలబడ్డాడు. “ఎప్పటికట?”

“నాలుగేళ్ల కిందటికి.”

అమ్మమ్మ తెరిచిన గొడుగు మూయకుండా దాని కిందే నిలబడి నవ్వడం మొదలుపెట్టింది. ఆ సాయంత్రమే రెండు సంచులు జవాబు రాసింది: ‘అయ్యా, మీ ఉత్తరం అందింది. ఆలస్యానికి మన్నించండి.’ ఇరవై రోజుల్లో బదులొచ్చింది. తనకు సముద్రం ఒడ్డున హోటళ్లున్నాయనీ, ఇన్నేళ్లకైనా జవాబిచ్చినవాళ్లు వీళ్లొక్కరేననీ, వచ్చే ఏడాది మీ నగరంలో జరిగే వస్తు ప్రదర్శనకు అక్కతో కలిసి వస్తున్నాననీ రాశాడాయన.

ఇక పాఠాల సంగతి. పైన స్పానిష్ చెప్పే మేడమ్‌ని పిల్లలు గాజుపలక అనేవారు. “దుబాసీ అంటే గాజుపలక. వెలుగు తనలోంచి పోవాలి గాని తనలో ఆగకూడదు” అని రోజుకొకసారైనా అనకపోతే ఆవిడకు అన్నం సహించేది కాదు. చెవిన పడ్డ ప్రతి మాటా అవతలి భాషలోకి వెళ్లిపోవాలి, అది మంచిదా చెడ్డదా, మనకు లాభమా నష్టమా అని ఆలోచించే తీరిక గాజుకు ఉండదు. దీన్ని ఆవిడ ఎంత సాధన చేయించిందంటే, నడవాలో, ఫలహారశాలలో, ఎవరు ఏం మాట్లాడినా పిల్లలు పెదవుల కింద మార్చుకుంటూ పోవాల్సిందే. రెండు సంచులకు ఆ జబ్బు బాగా పట్టింది. బస్సులో కండక్టరు తిట్లన్నీ చక్కని స్పానిష్‌లో గొణుక్కునేది. ఇంట్లో అమ్మమ్మ, కూతురి కుట్టుపని మీద సణుగుతుంటే పక్కనే ఇంకో సణుగుడు వినిపించేది.

“ఏమిటే ఆ గొణుగుడు, మంత్రాలా?”

“నీ మాటలే, అమ్మమ్మా. స్పానిష్‌లో.”

అమ్మమ్మ కాసేపు విని, “నా మాటలు ఇంత అందంగా ఉంటాయని నాకు ఎవరూ చెప్పలేదు” అంది. ఆ తర్వాత కావాలనే ఇంకాస్త ఎక్కువ సణిగేది.

కింద వ్యాపారం చెప్పే ఆయన లాభం సారు. ఆయన సిద్ధాంతం వేరు. “గుప్పిట మూసి ఉన్నంతసేపే బేరం. విప్పితే అది ఉత్త చెయ్యి” అనేవాడు. గంటెంతయిందని అడిగినా ముందు చొక్కా చేతిని గడియారం మీదికి లాక్కుని, “ఎందుకు?” అనేవాడు. ఆయన పెళ్లయిన సంగతి శాఖలో మూడేళ్ల తర్వాత తెలిసిందట, అదీ ఆయన భార్యే వచ్చి చెబితే.

గాజుపలక ఒకవైపు, గుప్పిట ఒకవైపు. రెండూ రాసుకుని, రెండూ వల్లించి, రెండు సంచుల్లో వేసుకుని తిరిగిన పిల్లలకు ఆ రెండు సూత్రాలూ ఒకే గదిలో పడితే ఏమవుతుందన్న ఆలోచనే రాలేదు. పంతుళ్లకు అసలు రాలేదు. ఆ ఇద్దరూ ఒకే గదిలో కూర్చునేది ఏడాదికి ఒక్కరోజు, ‘బల్ల’ రోజున.

బల్ల అంటే రెండో ఏడాది చివర జరిగే పరీక్ష. గుట్ట మధ్యలో, నూటారో మెట్టు దగ్గర గ్రంథాలయం ఉంది. అందులో ఒక పొడవాటి బల్ల. ఒక చివర నిజమైన అమ్మకందారు, మరో చివర పరాయి భాషవాడైన నిజమైన కొనుగోలుదారు, మధ్యలో విద్యార్థి. అమ్మేవాడి తరఫున బేరమూ ఆడాలి, ఇద్దరికీ దుబాసీతనమూ చెయ్యాలి. వెనక మేడమ్ ఒక పట్టీ మీద, సారు ఇంకో పట్టీ మీద మార్కులు వేస్తారు. ఒక్కోదాంట్లో వందకు నలభై రావాలి. ఏ ఒక్కటి తప్పినా కలిపి చదివే చదువుకు నమస్కారం పెట్టి, పైకో కిందికో ఏదో ఒక భవనంలో మొదటి ఏడాది నుంచి మొదలుపెట్టుకోవాలి. రెండో అవకాశం లేదు.

“మళ్లీ మొదటి నుంచా? కుట్టు మిషను దగ్గర కూర్చో, నేనే నేర్పుతాను” అని అమ్మ తేల్చి చెప్పేసింది.

“రెంటికీ చెడ్డ రేవడివవుతావే” అంది అమ్మమ్మ.

“చెడలేదు అమ్మమ్మా. రెంటికీ ఆలస్యమవుతున్నానంతే.”

పైకి అలా అందిగాని, ఆ వారమంతా రాత్రుళ్లు కార్ఖానాలో గొడుగులతోనే స్పానిష్‌లో బేరమాడుతూ కూర్చుంది.

బల్ల రోజు వచ్చింది. మిగతా పిల్లలు బాబాయిలకు టై కట్టి కొనుగోలుదార్లని తెచ్చారు. రెండు సంచులు ఒక్కతే అసలైన వాళ్లను తెచ్చింది. ఆ చివర హోటళ్లాయన, పొట్టిగా, నున్నగా, అప్పుడే కడిగిన గిన్నెలా మెరుస్తున్నాడు. పక్కన ఆయన అక్క, నల్ల కళ్లద్దాలు నెత్తికి పెట్టుకుని. ఈ చివర మావయ్య, మూడు నమూనా గొడుగులతో, చొక్కా మడతలు విప్పిన గీతలతో సహా.

మొదటి పది నిమిషాలు నూనె పోసిన బండిలా నడిచింది. హోటళ్లాయన ఊచలు వంచి చూశాడు, పిడి పట్టుకుని వేలాడినంత పని చేశాడు. బాగుందన్నాడు. ఆ మాట ఇటు వచ్చింది. సంతోషమని మావయ్య అన్నాడు. ఆ మాట అటు వెళ్లింది. వెనక రెండు కలాలూ హాయిగా గీస్తున్నాయి.

“మూడు వేల గొడుగులు కావాలి. ముప్పై రోజుల్లో కావాలి. ఒక్కరోజు దాటినా వద్దు” అన్నాడు హోటళ్లాయన.

రెండు సంచులు అది చెప్పింది. మావయ్య ముఖం నిండా నవ్వు పులుముకుని, మేనకోడలి వైపు వంగి, పెదవులు కదలకుండా అన్నాడు:

“ముప్పై రోజులా, నా తలకాయా. పిడుల మేస్త్రి మెట్లమీద జారి మోకాలు బెణికించుకున్నాడు. నలభై అయిదుకు తక్కువ అవ్వదు. ఆ మాట వాడి చెవిన వెయ్యకు. ముప్పై అని చెప్పెయ్, తర్వాత చూసుకుందాం.”

రెండు సంచులు హోటళ్లాయన వైపు తిరిగింది. మంచి ఉచ్చారణతో, నిదానంగా, ఒక్క మాట పొల్లుపోకుండా మొత్తం చెప్పేసింది. తలకాయకు అక్కడివాళ్లు వాడే మాట వెతికి మరీ పెట్టింది. మేస్త్రి మోకాలు చెప్పింది. నలభై అయిదు చెప్పింది. ‘ఆ మాట వారి చెవిన వెయ్యకు’ అన్నదీ చెప్పింది. మర్యాద కోసం ‘వాడి’ని ‘వారి’ చేసింది. మేడమ్ అక్కడ ఒక మార్కు కోసింది.

చివరి మాట నోరు దాటాక, హోటళ్లాయన కనుబొమ్మలు నుదుటి మీదికి ఎక్కడం చూశాక, తానేం చేసిందో ఆమెకు తెలిసింది. లాభం సారు కలం కింద పడింది. దాన్ని తీయడానికి వంగుతూ ఆయన మేడమ్ చెవిలో అన్నాడు:

“మీ గాజుపలక నా కొట్టు తగలబెట్టింది.”

రెండు సంచుల నోరు ఇంకా తెరిచే ఉంది. ఆపుకోవాలనే అనుకుంది. కాని రెండేళ్ల సాధన. ఆ మాట కూడా స్పానిష్‌లో బల్ల దాటి వెళ్లిపోయింది.

నీళ్లు తాగుతున్న అక్కగారికి పొలమారింది. హోటళ్లాయన ఆవిడ వీపు తడుతూ గొంతు తగ్గించి, “హోటళ్లు తెరిచేది ఎలాగూ రెండు నెలల తర్వాత కదా. ముప్పై అని ఊరికే బెదిరించాను. ఇప్పుడేమంటావ్?” అన్నాడు.

“నోరు ముయ్యి, ఆ పిల్ల వింటోంది” అంది అక్క.

పిల్ల విన్నది. మావయ్య వైపు తిరిగి, రెండు నెలల సంగతీ, బెదిరింపు సంగతీ, నోరు ముయ్యమన్న సంగతీ వరసగా అప్పజెప్పింది.

మావయ్య ముఖం మీద పులుముకున్న నవ్వు పోయి అసలు నవ్వు వచ్చింది. “చల్లకొచ్చి ముంత దాచడం నా ఒక్కడికే వచ్చనుకున్నాను. వాళ్ల వీపు వెనకా ఒక ముంత ఉందన్నమాట.”

దీన్ని దాటించడానికి రెండు సంచులకు మూడు వాక్యాలు పట్టింది. ఒకాయన పొరుగింటికి చల్ల అడగడానికి వెళ్లి, తెచ్చిన పాత్రను వీపు వెనక దాచుకుని నిలబడ్డాడని చెప్పింది. హోటళ్లాయన శ్రద్ధగా విని, “పాత్ర ఎంత పెద్దది?” అని అడిగాడు.

“నలభై అయిదు రోజులంత” అన్నాడు మావయ్య.

“మాది అరవై రోజులంత. మధ్యలో యాభై పెట్టుకుందాం. మీ మేస్త్రి మోకాలు తగ్గనివ్వండి.”

ఇక దాచడానికి ఏమీ లేకపోయేసరికి ఇద్దరికీ పూనకం వచ్చినట్టయింది. తన దగ్గర ముందు కొన్న గొడుగులు గాలికి పువ్వుల్లా తిరగబడ్డాయని హోటళ్లాయన చెప్పాడు. తన మూడో నమూనాలో స్ప్రింగు సరిగా లేదని, అప్పుడప్పుడు దానంతట అదే తెరుచుకుంటుందని మావయ్య చెప్పాడు. దాని గురించి మాట్లాడుతున్నారని తెలిసినట్టు అది టప్పున తెరుచుకుంది, నీళ్ల గ్లాసును లాభం సారు పట్టీ మీదికి తోసింది. తమ్ముడు వేసుకున్న టై తనకు మొదటినుంచీ నచ్చలేదని అక్క గొణిగింది. అదీ రెండు సంచుల నవ్వుతో సహా ఇటు వచ్చింది. తనకూ నచ్చలేదని మావయ్య అన్నాడు. అదీ అటు వెళ్లింది. పదిహేడో నిమిషంలో సంతకాలయ్యాయి.

అందరినీ బయట కూర్చోమని చెప్పి పంతుళ్లిద్దరూ తలుపు వేసుకున్నారు. నూటారో మెట్టు మీద నలుగురూ వరసగా కూర్చున్నారు.

“నీ గుట్టు రట్టు చేశాను, మావయ్యా.”

“చేశావు.”

“కోపం రాలేదా?”

“వచ్చింది. అది వచ్చేసరికి బేరం అయిపోయింది. మరి నీ సంగతి?”

“అయిపోయినట్టే” అంది ఆమె. నవ్వొస్తోంది, కళ్లలో నీళ్లూ వస్తున్నాయి. ఏది ముందు వస్తుందో తెలియక ముక్కు చీదింది. గ్రంథాలయం కిటికీ తెరిచే ఉంది. లోపలి మాటలు మెట్ల మీదికి వినబడుతున్నాయి.

“ఏమంటున్నారు?” అన్నాడు హోటళ్లాయన.

అడగాల్సిన పనే లేదు, ఆమె అప్పటికే మొదలుపెట్టింది. సారు గొంతు: ముందస్తు సన్నాహం, సున్నా. ఆమె స్పానిష్‌లో చెప్పింది. నిబ్బరం, సున్నా. చెప్పింది. గుట్టు కాపాడటం, సున్నా కంటే కింద అంకె ఉంటే అది. అదీ చెప్పింది. అక్కగారు ఆమె చెయ్యి పట్టుకుంది.

“నా పట్టీలో తొంభై అయిదు” అంది మేడమ్ గొంతు. “నాలుగు మార్కులు ఒకచోట నవ్వినందుకు కోశాను. గాజు నవ్వకూడదు. ఒకటి మర్యాదకు కోశాను. మీ పట్టీలో చివరి గడి చూశారా?”

“అది తడిసింది.”

“తడిసినా కనబడుతోంది. ‘నిజమైన బేరం కుదిరిందా? కుదిరితే నలభై.’”

లోపల తడి కాగితం విదిలించిన చప్పుడు.

“ఆ నలభై పద్నాలుగేళ్లుగా ఎవరికీ రాలేదు. ఎలాగూ రాదన్న ధైర్యంతోనే అంత పెట్టాను” అన్నాడు సారు.

“ఇవాళ వచ్చింది కదా.”

“వచ్చింది.” కుర్చీ జరిగిన చప్పుడు. “రాసుకోండి. నలభై. నలభై ఒకటి మాత్రం నా ప్రాణం పోయినా వెయ్యను.”

రెండు సంచులు ఆ మాటల్నీ వరసలో పెట్టి దాటించింది. నలభై అన్న అంకె స్పానిష్‌లో తన నోటి నుంచి బయటికి వచ్చి, తన చెవినే పడ్డాక గాని, అది తన గురించేనని ఆమెకు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఆమె లేచి, రెండు సంచులూ అక్కడే వదిలేసి, నూటారు మెట్లు కిందికి పరిగెత్తింది. కింద ఎవరూ లేరని గుర్తొచ్చి రెండు వందల పన్నెండూ పైకి ఎక్కింది. పైన కూడా ఎవరూ లేరు. మళ్లీ నూటారు దిగివచ్చి మావయ్య పక్కన కూలబడింది.

“ఎక్కడికెళ్లావే?” అన్నాడాయన.

“ఏమో.”

నలభై ఎనిమిదో రోజుకు మూడు వేల గొడుగులూ పెట్టెలకెక్కాయి. ప్రతి ఒక్కదాన్నీ అమ్మమ్మ తెరిచి మూసింది. చివరి వారం భుజం నొప్పెట్టి సణిగిన సణుగుడంతా, ఆమె కోరిక మీదే, స్పానిష్‌లో కాగితం మీద రాసి ఒక పెట్టెలో పెట్టారు. హోటళ్లాయన అక్క దాన్ని గోడకు తగిలించుకుందట.

రెండు సంచులకు ఇప్పుడు యాభై దాటాయి. చదువు ముగించింది, దేశాలు తిరిగింది, తిరిగొచ్చింది. రద్దీ వీధిలో, టైపు మిషన్లు బాగుచేసే కొట్టు మీద, రెండో అంతస్తులో ఒక గది, ఒక బల్ల. రెండు కంపెనీల మధ్య మాట పెగలనప్పుడు ఆమె దగ్గరికి వస్తారు. కూర్చోగానే ఇద్దరికీ, ఇద్దరి భాషల్లోనూ ఒకే ముక్క చెబుతుంది: “ఈ గదిలో నా చెవిన పడ్డది అవతలివారి చెవిన కూడా పడుతుంది. గుసగుసలతో సహా.” అది విని పదిమందిలో నలుగురు లేచి వెళ్లిపోతారు. మిగిలిన ఆరుగురికీ మధ్యాహ్న భోజనం వేళకు పని అయిపోతుంది.

కిందటేడు ఆ గదికి ఒక ముసలాయన కొడుకును వెంటబెట్టుకుని వచ్చాడు. చొక్కా చెయ్యి గడియారం మీదికి లాక్కుని ఉన్నాడు. కొడుకుది కుర్చీల వ్యాపారం. సముద్రం అవతలి భాగస్వామి అప్పటికే బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు.

“బాగున్నారా సార్?” అంది రెండు సంచులు.

“ఎందుకు?” అన్నాడు లాభం సారు.

ఆమె తన నియమం చెప్పబోయింది. “తెలుసమ్మా, తెలుసు” అని ఆయన కొడుకు చెయ్యి పట్టుకుని లేపాడు. “ఇక్కడ కాదురా, మెట్ల దగ్గర మాట్లాడుకుందాం రా.” ఇద్దరూ బయటికి వెళ్లి తలుపు దగ్గరగా వేశారు.

రెండు సంచులు అతిథి వైపు తిరిగి, మంచి ఉచ్చారణతో, నిదానంగా చెప్పింది: “ఇక్కడ కాదు, మెట్ల దగ్గర మాట్లాడుకుందాం అన్నారు. మెట్ల దగ్గర మాట్లాడుకుంటున్నారు. ఏమంటున్నారో నాకు వినబడటం లేదు. వినబడగానే చెబుతాను.”

అతిథి నవ్వు తలుపు దాటి వెళ్లింది. కాసేపటికి తలుపు తెరుచుకుంది. ముసలాయన వచ్చి కుర్చీలో కూర్చుని, చొక్కా చెయ్యి పైకి జరిపి, గడియారం విప్పి బల్ల మీద అందరికీ కనబడేలా పెట్టాడు.

“సరే, రాసుకోండి” అని కొడుకు వైపు తిరిగాడు. “మన ఇబ్బంది ఏమిటో మొదటినుంచీ చెప్పు. ఈ అమ్మాయి ఎలాగూ చెప్పేస్తుంది.”

ఆ ముక్క కూడా ఆమె అప్పుడే అటు దాటించేసింది.